నిషేధిత జాబితాలో పేరు ఎక్కడం సరే, దిగేది ఎలా?

తూర్పుగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా నన్ను తొలిచేస్తున్న విషయం ఇది. పెద్ద దాడి ఏదైనా జరగగానే ఫలానా సంస్థను నిషేధించామని ప్రకటన వస్తుంది. కొన్నాళ్లకు అదే మనుషులు ఇంకో బోర్డు కట్టుకుని తిరుగుతుంటారు. లష్కరే తోయిబాను పాకిస్తాన్ 2002 జనవరిలో నిషేధించింది. ఆ తర్వాత అదే నాయకత్వం జమాత్ ఉద్ దవా పేరుతో బహిరంగ సభలే పెట్టింది. మరి నిషేధం వల్ల ఆగిందేమిటి?

ఇంకోటి కూడా అడగాలి. ఒకసారి జాబితాలో పేరెక్కితే దిగే దారి ఉందా? పొరపాటున ఎక్కితే? నిజంగానే ఆయుధాలు వదిలేస్తే? నేను చట్టం చదువుకున్నవాణ్ని కాదు. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

---

పల్లవి_వకీలు

మన దేశం సంగతి ముందు చెప్తాను. 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అందరూ ఉపా అనేది, దీనికి ఆధారం. ఇందులో నిషేధానికి రెండు దారులున్నాయి. చాలామంది రెండిటినీ కలిపేస్తారు.

మొదటిది సెక్షన్ 3. కేంద్రం ఒక సంస్థను "చట్టవిరుద్ధ సంఘం" అని ప్రకటిస్తుంది. అంతటితో అయిపోదు. 30 రోజుల్లో విషయాన్ని ట్రిబ్యునల్‌కి పంపాలి. హైకోర్టు జడ్జి ఒకరు కూర్చుని ఇరుపక్షాల వాదన వింటారు. ఆరు నెలల్లోపు నిషేధం సరైనదో కాదో తేల్చాలి. ఖాయం చేస్తే ఐదేళ్లు ఉంటుంది. ఇంతకుముందు రెండేళ్లే ఉండేది, తర్వాత సవరించారు. విద్యార్థి సంస్థ సిమిని 2001లో నిషేధించిందీ, 2022 సెప్టెంబరులో పీఎఫ్ఐని (పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా) నిషేధించిందీ ఈ దారిలోనే.

రెండోది సెక్షన్ 35. ఇక్కడ "ఉగ్రవాద సంస్థ" అని చట్టం చివర ఉన్న మొదటి షెడ్యూల్‌లో పేరు చేరుస్తారు. ట్రిబ్యునల్ లేదు, గడువు లేదు. లష్కర్, జైషే, 2009 జూన్‌లో చేర్చిన మావోయిస్టు పార్టీ, అన్నీ ఇందులోనే ఉన్నాయి. 2019 సవరణ తర్వాత వ్యక్తుల పేర్లు కూడా చేరుస్తున్నారు, అది నాలుగో షెడ్యూల్.

మీరు గమనించాల్సింది ఇదే. తక్కువ తీవ్రత ఉన్న ముద్రకు జడ్జి విచారణ ఉంది. ఎక్కువ తీవ్రత ఉన్న ముద్రకు లేదు. పేరు తీసేయమని సెక్షన్ 36 కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరికి? పేరు చేర్చిన కేంద్ర ప్రభుత్వానికే. వాళ్లు కాదంటే నెలలోపు రివ్యూ కమిటీకి వెళ్లాలి. ఆ కమిటీకి అధ్యక్షుడు హైకోర్టు జడ్జిగా పనిచేస్తున్నవారో, చేసినవారో అయ్యుండాలి. అంతకుమించి ఆ చట్టంలో దారి లేదు. హైకోర్టుకి రిట్ వేసుకోవచ్చు, అది వేరే సంగతి.

---

బాటసారి

పల్లవి గారూ, కోపం తెచ్చుకోకండి. జనం మధ్య బాంబులు పెట్టేవాళ్లకు ట్రిబ్యునల్ ఏమిటి, హియరింగ్ ఏమిటి? ఆరు నెలలు వాదనలు నడిచేలోపు వాళ్లు ఇంకో నాలుగు చోట్ల పెడతారు. ప్రభుత్వం దగ్గర నిఘా సమాచారం ఉంటుంది. అదంతా కోర్టులో పరిస్తే సమాచారం ఇచ్చినవాడి ప్రాణం పోతుంది. ఈ కష్టం ఎవరికీ పట్టదా?

---

పల్లవి_వకీలు

నాకెందుకండీ కోపం, మీరన్న రెండో మాట నిజమే. అందుకే ట్రిబ్యునల్ ముందు కొన్ని పత్రాలు సీల్డ్ కవర్లో ఇవ్వనిస్తారు. మొదటి మాటకు మాత్రం జవాబుంది. అత్యవసరమైతే కారణాలు రాసి, నిషేధాన్ని ఆ క్షణం నుంచే అమల్లోకి తేవచ్చు. విచారణ తర్వాత జరుగుతుంది. ఆ ఆరు నెలలూ సంస్థకు స్వేచ్ఛేమీ ఉండదు.

అసలు ఈ ట్రిబ్యునల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే బాగుంటుంది. 1952లో సుప్రీంకోర్టు వి.జి. రో కేసులో మద్రాసు ప్రభుత్వం చేసిన సవరణను కొట్టేసింది. ప్రభుత్వం తన అభిప్రాయం మీదే ఒక సంఘాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించడం, దాన్ని ఏ కోర్టూ సరిచూసే వీలు లేకపోవడం రాజ్యాంగానికి కుదరదని చెప్పింది. అప్పుడు జరిగిన తప్పును చూసే 1967లో ట్రిబ్యునల్ పెట్టారు.

అదేదో తోలుబొమ్మ ఏర్పాటు అనుకోకండి. 1992 డిసెంబరులో నిషేధించిన ఆర్ఎస్ఎస్ మీద నిషేధం 1993 జూన్‌లో ట్రిబ్యునల్ ముందు నిలవలేదు. అప్పుడే నిషేధించిన జమాతే ఇస్లామీ హింద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. 2008 ఆగస్టులో సిమి నిషేధానికి తగిన ఆధారాలు చూపలేదని ట్రిబ్యునల్ తేల్చితే, కేంద్రం మర్నాడే సుప్రీంకోర్టులో స్టే తెచ్చుకుంది. అంటే ప్రభుత్వం చేతులు కట్టేసినట్టూ కాదు.

---

మల్లెతీగ

నేను ఈ వేదికలో ఎక్కువగా రాయను. బాటసారి గారి మాట చూశాక రాయాలనిపించింది.

మా బాబాయి బాంబు పేలుడులో పోయాడు. ఎక్కడ, ఎప్పుడు అని అడగొద్దు. ఆయన చేతిగడియారం ఆస్పత్రివాళ్లు ఒక కవర్లో పెట్టి ఇచ్చారు, అద్దం పగిలి ఉంది కానీ నడుస్తూనే ఉంది. ఆ తర్వాత ఒకరోజు సంస్థను నిషేధించారని టీవీలో చెప్పారు. మా నాన్నమ్మ "అయితే వాళ్లను పట్టుకున్నట్టేనా" అని అడిగింది. మా ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయాం.

నాకు నిషేధం కావాలి. మా బాబాయిని చంపింది యుద్ధమో ఉద్యమమో కాదు, అది నేరం అని దేశం మొత్తం తరఫున ఎవరో ఒకరు అనాలి. కానీ విచారణ వద్దు అనే మాటతో నేను ఏకీభవించను. తప్పుడు మనిషిని పట్టుకుంటే అసలువాడు బయటే ఉంటాడు. మాకు అది రెండోసారి అన్యాయం. బాధితుల పేరు చెప్పి విచారణ వద్దనకండి, దయచేసి.

---

బాటసారి

మల్లెతీగ గారూ, మన్నించండి. మీ తరఫున మాట్లాడుతున్నాననుకున్నాను.

---

లెక్కలపుస్తకం

తూర్పుగాలి గారి మొదటి ప్రశ్న దగ్గరికొస్తా. నిషేధం వల్ల ఆగేదేమిటి? నేను పదకొండేళ్లుగా బ్యాంకుల్లో ఈ తనిఖీల పనే చేస్తున్నాను కాబట్టి నాకు కనిపించేది చెప్తాను. ఆగేది డబ్బు. అన్నీ ఆగవు, కానీ బ్యాంకుల గుండా వెళ్లేది ఆగుతుంది.

ఐక్యరాజ్యసమితి జాబితాలో కొత్త పేరు చేరితే అది విదేశాంగ శాఖ, హోంశాఖ, రిజర్వ్ బ్యాంకు మీదుగా మా దాకా వస్తుంది. మా దగ్గరున్న ఖాతాలన్నిటితో ఆ పేర్లు సరిపోల్చాలి. కొత్త ఖాతా తెరిచినా, బయటి దేశం నుంచి డబ్బొచ్చినా ముందు ఈ జల్లెడ పట్టాల్సిందే. కలిస్తే ఉపాలోని సెక్షన్ 51ఎ కింద ఖాతా స్తంభింపజేసే చర్య మొదలవుతుంది. మేం 24 గంటల్లోపు పైకి తెలియజేయాలి.

పేరు మార్చుకుంటే ఏం చేస్తారు అన్నారు కదా. అందుకే జాబితాలో ఒక్కో సంస్థ పక్కన మారుపేర్లు రాస్తారు. జమాత్ ఉద్ దవాను 2008 డిసెంబరులో, ముంబై దాడుల తర్వాత, లష్కర్‌కు మారుపేరుగా ఐరాస చేర్చింది. మన దేశం 2023 జనవరిలో రెసిస్టెన్స్ ఫ్రంట్‌ను కూడా అలాగే లష్కర్ ముసుగు సంస్థగా ప్రకటించింది. పహల్గాం దాడి తర్వాత 2025 జులైలో అమెరికా కూడా దాన్ని చేర్చింది. ఎలుక కొత్త కన్నం తవ్వడం, మేం వెనకాల పూడ్చుకుంటూ పోవడం. మొత్తం ఆగదు. కానీ ప్రతిసారీ కొత్త ట్రస్టు పెట్టాలి, కొత్త ఖాతా కావాలి, కొత్త మనుషులు సంతకం పెట్టాలి. అక్కడ దొరుకుతారు.

ఈ పనిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి ఉంది. మన ఉపఖండంలో పేర్లు చాలా కలుస్తాయి. ఒకే పేరు వేలమందికి ఉంటుంది. అక్షరాలు ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తారు. సాఫ్ట్‌వేర్ దగ్గర పోలిక ఉన్నవన్నీ చూపిస్తుంది. వాటిలో దాదాపు అన్నీ అమాయకులవే. పుట్టిన తేదీ, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు చూసి విడదీయాలి. జాబితాలో ఆ వివరాలు లేకపోతే? పేరు ఒక్కటే ఉంటే? సాయంత్రం ఐదింటికి కూతురి ఫీజు కట్టాల్సిన మనిషి ఖాతాను నేను ఆపాలా వద్దా?

---

పాతపేపర్లు

ఐరాస జాబితా మాట వచ్చింది కాబట్టి దాని కథ కొంచెం.

1999 అక్టోబరులో భద్రతా మండలి 1267వ తీర్మానం చేసింది. మొదట తాలిబన్ల మీదే. తర్వాతి ఏడాది అల్ ఖైదాను చేర్చారు, 2015లో ఐసిస్‌ను చేర్చారు. దీని కింద మూడు పనులు జరుగుతాయి: ఆస్తులు స్తంభింపజేయడం, ప్రయాణ నిషేధం, ఆయుధాల నిషేధం. మండలిలోని 15 దేశాలూ కమిటీలో కూర్చుంటాయి. ఏకాభిప్రాయం ఉంటేనే పేరు చేరుతుంది. ఒక్క దేశం "సాంకేతిక కారణాలతో ఆపండి" అంటే ఆగిపోతుంది.

మసూద్ అజర్ విషయంలో జరిగింది అదే. ఆయన సంస్థ జైషే మహమ్మద్ 2001లోనే జాబితాకెక్కింది. నాయకుడి పేరు మాత్రం 2009 నుంచి ఎన్నిసార్లు పెట్టినా చైనా ఆపింది. పుల్వామా తర్వాత 2019 మే 1న గానీ చేరలేదు. సంస్థ ఉగ్రవాద సంస్థట, దాన్ని పెట్టినవాడు పదేళ్లు కాదట! దౌత్యం చేసిన ఈ పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జాబితా కంటే ఒత్తిడి పనిచేసిన సందర్భం కూడా ఉంది. లష్కర్ స్థాపకుడు హఫీజ్ సయీద్ పేరు 2008 డిసెంబరులోనే ఐరాస జాబితాలో ఉంది. ఉగ్రవాదానికి నిధుల కేసులో పాకిస్తాన్ కోర్టు శిక్ష వేసింది 2020 ఫిబ్రవరిలో. మధ్యలో ఏం మారింది? 2018 జూన్‌లో, ఉగ్రవాదానికి అందే డబ్బు మీద కన్నేసి ఉంచే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్, పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే గట్టి నిఘా ఉంచే దేశాల జాబితాలో, పెట్టింది. అప్పులు పుట్టడం, విదేశీ లావాదేవీలు కష్టమవుతాయన్న భయం పట్టుకుంది. 2022 అక్టోబరులో గానీ బయటపడలేదు. సంస్థను జాబితాలో పెడితే కదలని ప్రభుత్వం, తననే ఒక జాబితాలో పెట్టాక కదిలింది.

---

తూర్పుగాలి

ఇదంతా పేరు ఎక్కే సంగతి. దిగే సంగతి ఎవరూ చెప్పట్లేదు. పొరపాటున ఎక్కినవాళ్లు ఉన్నారా అసలు?

---

పల్లవి_వకీలు

ఉన్నారు. యాసిన్ కాదీ అనే సౌదీ వ్యాపారిని 2001 అక్టోబరులో ఐరాస జాబితాలో చేర్చారు. యూరప్‌లో ఆస్తులన్నీ స్తంభించాయి. ఏ ఆధారంతో చేర్చారో ఆయనకు చెప్పలేదు. 2008 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం ఇది కుదరదంది. ఐరాస చెప్పినా సరే, మనిషికి తన మీదున్న ఆరోపణ తెలిసి, జవాబిచ్చుకునే హక్కు పోదని తీర్పు చెప్పింది. ఆయన పేరు ఐరాస జాబితా నుంచి 2012లో తీశారు. పదకొండేళ్లు!

ఆ తీర్పు ఊరికే పోలేదు. 2009 డిసెంబరులో భద్రతా మండలి అంబుడ్స్‌పర్సన్ పదవి పెట్టింది. అల్ ఖైదా జాబితాలో ఉన్నవాళ్లు స్వతంత్రంగా విచారించే ఒక మనిషికి మొరపెట్టుకునే వీలు కలిగింది. ఐరాస మిగతా ఆంక్షల జాబితాల వాళ్లకు ఈ అంబుడ్స్‌పర్సన్ లేరు. పక్కపక్కనే ఉన్న రెండు జాబితాలకు రెండు రకాల న్యాయం, ఇది నాకు సరిగ్గా కనిపించదు.

---

బాటసారి

ఒకటి ఒప్పుకుంటాను. పొరపాటున ఎక్కినవాడికి దారి ఉండాలి. కానీ నిజంగా చంపినవాళ్లు రేపు "మారిపోయాం" అంటే? ఎందుకు నమ్మాలి? జాబితా నుంచి తీయడమంటే వాళ్లకు బహుమతి ఇవ్వడమే కదా.

---

పాతపేపర్లు

బాటసారీ, మంచి ప్రశ్న. దీనికి లోకంలో ఒక్కో చోట ఒక్కోలా జరిగింది.

నేపాల్ మావోయిస్టులను అమెరికా 2003లో తన ఉగ్రవాద జాబితాలో పెట్టింది. 2006లో శాంతి ఒప్పందం అయింది. 2008లో వాళ్లు ఎన్నికల్లో గెలిచారు, వాళ్ల నాయకుడు ప్రచండ ప్రధాని అయ్యారు. పేరు తీసింది 2012 సెప్టెంబరులో. నాలుగేళ్లు, ఒక దేశాన్ని పాలించిన పార్టీ ఇంకో దేశం కాగితాల్లో ఉగ్రవాద ముద్రతోనే ఉంది.

కొలంబియాలో ఫార్క్ అనే తిరుగుబాటు దళం 2016లో ఒప్పందం చేసుకుని ఆయుధాలు అప్పగించింది. అమెరికా 2021 నవంబరు 30న దాన్ని తీసింది. అదే రోజు, ఒప్పందాన్ని కాదని మళ్లీ అడవి పట్టిన రెండు వర్గాలను కొత్తగా చేర్చింది. నాకు ఇది సరైన పద్ధతి అనిపిస్తుంది. వదిలినవాడినీ పట్టుకున్నవాడినీ ఒకే గాట కట్టలేదు. కానీ మధ్యలోని ఐదేళ్లు? మాజీ దళ సభ్యులున్న పునరావాస పనుల్లో అమెరికా సంస్థలు చేయి పెట్టలేకపోయాయి.

సిరియాలో చూడండి. హయత్ తహ్రీర్ అల్ షామ్ అనే తిరుగుబాటు సంస్థ 2024 డిసెంబరులో అధ్యక్షుడు అసద్‌ను కూలదోసింది. 2025 జులైలోనే అమెరికా దాని మీదున్న ముద్ర తీసేసింది. ఏడు నెలలు. తలుచుకుంటే ఎంత త్వరగా అవుతుందో! అంటే ఆలస్యానికి కారణం ప్రమాదం ఉండటం ఒక్కటే కాదు, అవసరం లేకపోవడం కూడా.

మన దగ్గర 2004లో పీపుల్స్‌వార్ మీదున్న రాష్ట్ర నిషేధం గడువు తీరితే పొడిగించలేదు. అక్టోబరులో చర్చలు జరిగాయి. మరుసటి జనవరికే తెగిపోయాయి. 2005 ఆగస్టులో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపాక మళ్లీ నిషేధించారు. నిషేధం తీయడం వల్లే చర్చలు సాధ్యమయ్యాయి. తీసినంత మాత్రాన చర్చలు నిలబడవు. రెండూ నిజమే.

ఇంకొకటి. నెల్సన్ మండేలా అమెరికా ఉగ్రవాద నిఘా జాబితా నుంచి బయటపడింది 2008లో. అప్పటికి ఆయన దేశాధ్యక్షుడిగా పనిచేసి దిగి తొమ్మిదేళ్లు, నోబెల్ శాంతి బహుమతి వచ్చి పదిహేనేళ్లు. ఎవరూ కక్షగట్టి ఉంచలేదు. తీసేయడం ఎవరి పనీ కాకపోవడం వల్ల ఉండిపోయింది.

---

వేదిక నిర్వాహకులు

ఒక మతం మొత్తాన్ని తప్పుపడుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. చర్చ బాగా సాగుతోంది, ఇలాగే కొనసాగించండి.

---

దారిదీపం

నేను సహాయ సంస్థల్లో పనిచేశాను, విదేశాల్లో. జాబితా మాట ఎత్తితే అందరూ ఉగ్రవాదులూ ప్రభుత్వాలూ అంటారు. వాళ్ల చేతుల్లో ఉన్న ఊళ్లలో బతికే జనం సంగతి ఎవరూ ఎత్తరు.

2011లో సోమాలియాలో కరువు. దాదాపు 2,60,000 మంది చనిపోయారు, అందులో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు. కరువు ప్రాంతం చాలావరకు అల్ షబాబ్ అనే ఉగ్రవాద సంస్థ గుప్పిట్లో ఉంది. సహాయ సంస్థలను తరిమింది ప్రధానంగా వాళ్లే, ఆ పాపం వాళ్లదే. కానీ ఇంకో పక్క, ఆహారం లారీలు దాటడానికి దారిలో వాళ్లకు ఏ కాస్త డబ్బు ముట్టినా అమెరికా చట్టం ప్రకారం అది ఉగ్రవాదానికి సాయం. అప్పట్లో దానికి 15 ఏళ్ల దాకా జైలు. చాలా సంస్థలు భయపడి వెనక్కి తగ్గాయి. కరువు ముదిరాక సడలింపులు ఇచ్చారు.

యెమెన్‌లో 2021 జనవరిలో హౌతీ తిరుగుబాటుదారులను అమెరికా విదేశీ ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఆ దేశం తిండిగింజల్లో అత్యధిక భాగం దిగుమతే. దిగుమతిదారులు, బ్యాంకులు, ఓడల వాళ్లు తప్పుకుంటే జనం ఏం తినాలి? నాలుగు వారాల్లో కొత్త ప్రభుత్వం ఆ ముద్ర తీసేసింది. తర్వాత ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక మళ్లీ వేరే రకంగా పెట్టారు, 2025లో మళ్లీ పాత ముద్రే వేశారు. ఆ దాడులు చేసినవాళ్లను నేను వెనకేసుకురావట్లేదు. బియ్యం బస్తాకు మినహాయింపు ముందే రాసి పెట్టుకోండి అంటున్నాను.

ఒక మంచి మార్పు వచ్చింది. 2022 డిసెంబరులో భద్రతా మండలి 2664వ తీర్మానం చేసింది. ఆస్తుల స్తంభన మానవతా సాయానికి వర్తించదని అన్ని ఐరాస ఆంక్షలకూ కలిపి చెప్పింది. నేను ఆ రంగంలో ఉన్నన్నాళ్లూ ఎదురుచూసిన వాక్యం అది. ఇప్పుడు ప్రతి దేశమూ తన సొంత చట్టంలో కూడా అదే రాసుకోవాలి.

---

బాటసారి

దారిదీపం అక్కా, తిండి విషయం ఒప్పుకున్నాను. మరి "శిక్షణ ఇస్తాం, సలహా ఇస్తాం" అనేవాళ్ల సంగతి? అది కూడా సాయమే కదా?

---

పల్లవి_వకీలు

ఇదే ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు ముందుకు 2010లో వచ్చింది. టర్కీలో పోరాడిన కుర్దుల సంస్థ పీకేకేకు, శ్రీలంక తమిళుల ఎల్టీటీఈకి అంతర్జాతీయ చట్టం ద్వారా, శాంతియుతంగా సమస్య పరిష్కరించుకోవడం నేర్పుతామని ఒక మానవ హక్కుల సంస్థ అడిగింది. 6-3 తేడాతో కోర్టు కాదంది. ఏ సాయమైనా సంస్థకు వెసులుబాటు ఇస్తుంది, మర్యాద తెచ్చిపెడుతుంది అన్నది మెజారిటీ వాదన. మీ వాదనా అదే.

నేను విభేదిస్తాను. తుపాకీ పట్టినవాడికి తుపాకీ దింపే దారి చూపించడం నేరమైతే, ఇక ఆ పని ఎవరు చేస్తారు? మన దగ్గర మిజోరం ఉదాహరణ ఉంది. ఇరవై ఏళ్లు ఆయుధాలతో పోరాడిన మిజో నేషనల్ ఫ్రంట్‌తో ప్రభుత్వమే మాట్లాడింది. 1986లో ఒప్పందం అయింది, ఆ ఫ్రంట్ నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యారు. మధ్యవర్తులు లేకుండా అది అయ్యేదా?

---

బాటసారి

మిజోరంలో మాట్లాడింది ప్రభుత్వం. ఎవరు పడితే వాళ్లు కాదు. ఆ తేడా ఉంది. ఇక్కడ మనం ఒప్పుకోలేం, సరే.

కానీ ఒక మాటకు వచ్చాను. నిషేధం కఠినంగానే ఉండాలి. దానికి గడువు ఉండాలి. గడువు తీరినప్పుడు ప్రభుత్వం కొత్తగా కారణాలు చూపించాలి, పాత నోటిఫికేషన్‌లో తేదీ మార్చి పెట్టకూడదు.

---

పాతపేపర్లు

బ్రిటన్‌లో అలా కారణాలు అడిగే కోర్టు లాంటి కమిషన్ ఒకటుంది. 2000 నాటి చట్టంతో వచ్చింది. ఇరాన్ ప్రతిపక్షమైన ముజాహిదీనే ఖల్క్ తాము 2001లోనే హింస మానేశామని అక్కడ వాదించింది. 2007లో కమిషన్, హోంమంత్రి నిర్ణయం ఏ రకంగానూ సమర్థించలేనిదని చెప్పింది. 2008 మేలో అప్పీలు కోర్టూ అదే అంది, జూన్‌లో పేరు తీసేశారు. ఎల్టీటీఈ తరఫున కూడా అక్కడికే వెళ్లారు. వాళ్ల నిషేధం మాత్రం అలాగే ఉంది. దారి ఉన్నంత మాత్రాన అందరూ బయటికి రారు, బాటసారీ. మీ భయం అదే కదా.

---

వెన్నెలవాన

కొత్త సభ్యురాలిని. చర్చ మొత్తం చదివాను. లెక్కలపుస్తకం గారిని ఒకటి అడగొచ్చా? మా అన్నయ్య విదేశం నుంచి పంపిన డబ్బు మూడు వారాలుగా ఆగిపోయింది. పేరు ఏదో జాబితాతో కలిసిందట. బ్యాంకులో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

---

లెక్కలపుస్తకం

వెన్నెలవాన గారూ, కంగారు పడకండి. ముందు ఒకటి తేల్చుకోండి: తనిఖీ కోసం ఆపారా, 51ఎ కింద స్తంభింపజేశారా? బ్యాంకుకు లిఖితపూర్వకంగా రాసి అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

తనిఖీ కోసమే అయితే అన్నయ్య పాస్‌పోర్టు మొదటి పేజీ, పుట్టిన తేదీ రుజువు, తండ్రి పేరు ఉన్న పత్రం, అక్కడి ఉద్యోగం కాగితం కలిపి ఇవ్వండి. చాలావరకు అక్కడే విడిపోతుంది.

51ఎ కింద అయితే, ఆ మనిషి నేను కాదని ఆధారాలతో బ్యాంకుకే దరఖాస్తు ఇవ్వాలి. బ్యాంకు దాన్ని రెండు పని దినాల్లో నోడల్ అధికారికి, అంటే ఈ పని కోసం ప్రభుత్వం నియమించిన అధికారికి, పంపాలి. కేంద్ర హోంశాఖ సరిచూసి, పొరపాటని తేలితే 15 పని దినాల్లో విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే కారణం మీకు చెప్పాలి. దరఖాస్తు ఇచ్చిన తేదీ రాసి పెట్టుకోండి, లెక్క అక్కడి నుంచే.

అన్నయ్య పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో, బ్యాంకు ఖాతాలో అచ్చంగా అలాగే ఉందా? ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందు అది చెప్పండి.

---

వెన్నెలవాన

ఉంది అండీ. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, బ్యాంకులో ముందు. రేపు పొద్దున్నే వెళ్తాను.